కదలని కారుకు వెల కట్టుట ఎట్లు?

ఏనుగు బ్రతికినను వెయ్యి వరహాలు, చచ్చినను వెయ్యి వరహాలు అని మన పెద్దలు చెప్పుదురు. మోటారు కారు విషయమున ఈ సామెత చెల్లదు. నడచు కారుకు ఒక వెల, ఆగిన కారుకు వేరొక వెల. ఆగిపోయి నాలుగేండ్లు ఎండకు ఎండి వానకు తడిసిన కారుకు మరియొక వెల. ఐనను ఆగిన కారు వెలలేని వస్తువు కాదు. తగిన వెల తెలియక కొందరు అడిగిన ధరకు ఇచ్చివేయుచున్నారు. మరికొందరు రాని ధరకై ఎదురుచూచుచు దొడ్డిలో తుప్పు పట్టనిచ్చుచున్నారు. ఇట్టి విషయములలో గ్రామస్థులు పంచాయతీ సభ్యుల సలహా కోరుట సహజము. పంచాయతీకే సొంత వాహనమున్నచోట ఆ సొమ్ము గ్రామమంతటిదియును. కావున దీనిని కొంత వివరముగా తెలిసికొందము.

దోషమును గుర్తించుట

కారు ఆగినంతమాత్రమున దాని పని తీరినదని తలపరాదు. బ్యాటరీ చెడుట, ఇంధనపు పంపు పనిచేయకుండుట, ఎలుకలు తీగలను కొరుకుట వంటివి తరచుగా స్వల్ప వ్యయముతో బాగగును. ఇంజను పట్టివేయుట, గేరుపెట్టె పగులుట, అడుగుభాగము తుప్పుపట్టి చిల్లులు పడుట పెద్ద దోషములు. ఈ భేదము తెలియక బేరమునకు దిగుట, ధాన్యమును కొలువకయే కళ్లమును అమ్ముకొనుట వంటిది. నమ్మకమైన మెకానిక్కుచే పరీక్ష చేయించి, దోషమేమో, మరమ్మతుకు ఎంత వ్యయమగునో కాగితముపై వ్రాయించుకొనవలెను. పరీక్ష చేయువాడును, కొనదలచినవాడును ఒక్కడే కాకుండ చూచుకొనవలెను.

మూడు విధముల వెల

ఆగిన కారును మూడు విధములుగా అమ్మవచ్చును: బాగుచేసి నడుపుకొనువానికి బండిగా, విడిభాగముల వర్తకునికి సామానుగా, తుక్కు వర్తకునికి తూకముగా. మూడు లెక్కలును వేసి, ఏది ఎక్కువయో దానిని ఎంచుకొనవలెను.

మారుతి 800 కారును ఉదాహరణముగా తీసికొందము. 1983 డిసెంబరులో మార్కెట్టుకు వచ్చిన ఈ బండి తయారీ 2014 జనవరిలో నిలిచిపోయినను, గ్రామములలో ఇంకను కనబడుచునే యున్నది. దాని బరువు సుమారు 650 కిలోలు. ఇచట చెప్పు ధరలు లెక్క తెలియుటకై అనుకొన్నవే. ఎవరికి వారు తమ ప్రాంతపు ధరలను వేసికొనవలెను.

అట్టి కారే మంచి స్థితిలో నడచుచున్నచో 60,000 రూపాయలు పలుకుననుకొందము. ఇంజను మరమ్మతుకు 25,000, టైర్లకు బ్యాటరీకి 14,000, లాగికొనిపోవుటకు 3,000, కొనువాడు ముందు తెలియని దోషములకై ఉంచుకొను మొత్తము 6,000 కలిపి 48,000 రూపాయలు. ఇవి పోగా బండిగా దాని వెల 12,000 రూపాయలు.

ఇక తూకము. కారు బరువులో ఇనుము, ఉక్కు సుమారు మూడింట రెండు వంతులుండును. 650 కిలోలలో 420 కిలోలు అనుకొని, కిలోకు 25 రూపాయల చొప్పున కట్టినచో 10,500 రూపాయలగును. దీనికంటె తక్కువకు అమ్ముట నష్టము. మరమ్మతు వ్యయము 25,000 గాక 35,000 అయినచో బండి వెల 2,000 రూపాయలకు దిగిపోవును. అప్పుడు తూకమునకు ఇచ్చుటయే మేలు.

బ్యాటరీలోని సీసము, తీగలలోని రాగి, ఇంజనులోని అల్యూమినియము ఇనుముకంటె ఎక్కువ ధర పలుకును. పొగగొట్టములో అమర్చు కాటలిటిక్ కన్వర్టరులో ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువైన లోహములు స్వల్పముగా నుండును. 1995లో నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరియైన ఈ పరికరము పిమ్మట దేశమంతట వ్యాపించినది. అన్నిటిని ఇనుముతో కలిపి ఒకే ధరకు తూయించినచో నష్టపడువాడు అమ్మువాడే. కావున వీనిని వేరుగా ధర కట్టుడని అడుగవలెను.

ఆలస్యము కూడ వెలను తగ్గించును. నిలిచిన బండి టైర్లు పగులును, పెట్రోలు పాడగును, తుప్పు పెరుగును. మరమ్మతు వ్యయము ఏటేట పెరిగి, బండి వెల తుక్కు వెలకు దిగజారును.

పేరు మారనిదే అమ్మకము పూర్తికాదు

డబ్బు చేతికి వచ్చి, కారు గ్రామము దాటినంతమాత్రమున బాధ్యత తీరదు. కొన్నవాడు దానిని బాగుచేసి రోడ్డెక్కించవచ్చును. వరుసగా పలువురి చేతులు మారిన ఒక కారు 2009లో ప్రమాదమునకు గురియై ప్రాణనష్టము కలిగినది. రిజిస్టరులో పేరు మారనందున మొదటి యజమానియే పరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇట్టి ఆపద మన రైతుకు రాకూడదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, అదే రాష్ట్రములో రిజిస్టరైన వాహనమును అమ్మినవాడు 14 దినములలో రవాణా శాఖకు తెలుపవలెను. శాశ్వతముగా పనికిరాని వాహనమైనచో 14 దినములలో గాని వీలైనంత త్వరగా గాని తెలిపి, రిజిస్ట్రేషన్ పత్రమును పంపి రద్దు చేయించుకొనవలెను. బ్యాంకు అప్పు ఉండినచో అది తీరినట్లు పత్రము తెచ్చుకొనవలెను. కొన్నవాని గుర్తింపు పత్రపు నకలు, బండి అప్పగించిన తేదీ, సమయము, ఇరువురి సంతకములు గల కాగితము భద్రపరచుకొనవలెను.

తుక్కు చేయదలచినచో, 2021 నాటి కేంద్ర నియమముల క్రింద గుర్తింపు పొందిన స్క్రాపింగు కేంద్రమునకు ఇచ్చుట క్షేమము. వారు బండి దొంగసొత్తు కాదని పరిశీలించి, తీసికొన్నట్లు ధ్రువపత్రము ఇత్తురు. ఆ పత్రముపై క్రొత్త సొంత కారు కొన్నచో రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించిన మేరకు, 25 శాతము వరకు, పన్ను రాయితీ లభింపవచ్చును.

పంచాయతీ వాహనములు

సొంత కారుకు 15 ఏండ్ల పిమ్మట తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకొనవచ్చును. పంచాయతీ వాహనమునకు ఈ వెసులుబాటు లేదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము, ప్రభుత్వ, పురపాలక, పంచాయతీ వాహనముల రిజిస్ట్రేషన్ 15 ఏండ్లతో ముగియును. అటుపిమ్మట వానిని గుర్తింపు పొందిన స్క్రాపింగు కేంద్రము ద్వారానే వదిలించుకొనవలెను. అనగా ఆ గడువు దాటిన పిమ్మట బండిగా అమ్ముట కుదరదు. తుక్కు వెలయే మిగులును.

తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి మొదలైన పిమ్మట గ్రామ పంచాయతీలకు వచ్చిన ట్రాక్టర్లకును ఈ లెక్క వర్తించును. 2020లో రిజిస్టరైన ట్రాక్టరు గడువు 2035లో తీరును. కావున ప్రతి పంచాయతీయు తన వాహనము రిజిస్టరైన తేదీని ఆస్తుల రిజిస్టరులో వ్రాసియుంచి, గడువునకు రెండేండ్ల ముందే సమావేశములో చర్చించుట మంచిది. అమ్మదలచినచో వెల అంచనా వేయించి, తీర్మానము చేసి, పైయధికారుల అనుమతి పొంది, బహిరంగ వేలము జరుపవలెను. వేలము తేదీని చాటించి నోటీసు బల్లపై అంటించినచో పోటీ పెరుగును, అనుమానములు తగ్గును.

వచ్చిన సొమ్ము చిన్నదే కావచ్చును. కాని అది వీధి దీపమునకో, మంచినీటి గొట్టమునకో ఉపయోగపడును. వేసవిలోగా మీ గ్రామమున ఆగియున్న వాహనముల పట్టిక వ్రాయుడు. యజమానులకు ఈ మూడు లెక్కలు వివరించుడు.