బేస్ గిటారు ఆక్టేవ్ పెడల్: మూడు నాబ్‌ల మర్మం

తిరునాళ్ళలోనూ పెండ్లి పందిళ్ళలోనూ వాయించే ఆర్కెస్ట్రా కుర్రవాళ్ళ వద్ద బేస్ గిటారుతోపాటు, కాలితో నొక్కే ఆక్టేవ్ పెడల్ కూడా అక్కడక్కడ కనబడుతుంది. వేలు పోసి కొన్న ఆ పెట్టె గరగరలాడగానే చెడిపోయిన సరుకు అంటగట్టారని ఇంటి పెద్దలూ, తనకే చేయి తిరగలేదని కుర్రవాడూ అనుకోవడం సహజం. పలుమార్లు ఈ రెండూ నిజం కావు.

మంద్ర, మధ్య, తార స్థాయిలు మన సంగీతంలో ఉన్నవే. మధ్యస్థాయి షడ్జం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో, మంద్ర షడ్జం అందులో సరిగా సగం కంపిస్తుంది. ఆక్టేవ్ అంటే ఈ స్థాయే. పెడల్ లోపలి సర్క్యూట్ తంత్రి కంపనాలను లెక్కించి, రెండింటికి ఒకటి చొప్పున కొత్త ధ్వనిని పుట్టిస్తుంది.

జపాన్‌కు చెందిన బాస్ సంస్థ 1982లో తెచ్చిన ఓసీ-2 పెడల్‌ను చూద్దాం. 2003లో దాని స్థానంలో ఓసీ-3 వచ్చినా, పాతవి నేటికీ చేతులు మారుతున్నాయి. దానికి డైరెక్ట్ లెవెల్, ఆక్టేవ్ 1, ఆక్టేవ్ 2 అని మూడు నాబ్‌లు. వీటిలో ఏదీ స్వరాన్ని మార్చదు. మూడూ మోతాదును నిర్ణయించేవే. మొదటిది గిటారు అసలు ధ్వనిని, రెండవది ఒక స్థాయి కింది ధ్వనిని, మూడవది రెండు స్థాయిల కింది ధ్వనిని ఎంత కలపాలో చెబుతాయి.

ముందుగా రెండు ఆక్టేవ్ నాబ్‌లనూ సున్నాకు తిప్పి, పెడల్ నొక్కినా నొక్కకున్నా శబ్దం సమానంగా వినబడేటట్లు డైరెక్ట్‌ను అమర్చుకోవాలి. తరువాత ఆక్టేవ్ 1ని కొద్దికొద్దిగా పెంచి, ధ్వనికి నిండుదనం రాగానే ఆపాలి. డైరెక్ట్‌ను పూర్తిగా తగ్గిస్తే సింథసైజర్‌ను పోలిన నాదం వస్తుంది.

ఆక్టేవ్ 2 సంగతి వేరు. జీ తంత్రిపై పన్నెండవ మెట్టు వద్ద కంపనాలు 196. అవి 98గా, 49గా దిగుతాయి, రెండూ చక్కగా వినబడతాయి. అదే ఏ తంత్రిని ఉత్తగా మీటితే 55 కాస్తా 27.5 అయి, ఆపై 13.75కు పడిపోతుంది. మనిషి చెవి సుమారు 20కి దిగువన స్వరాన్ని పట్టుకోలేదు. వినబడలేదని నాబ్‌ను ఇంకా తిప్పితే చిన్న స్పీకర్ల కోన్‌కే ప్రమాదం. ఈ నాబ్ పై మెట్లకు మాత్రమే అక్కరకు వస్తుంది.

గరగరకు కారణం కూడా ఆ లెక్కింపే. రెండు తంత్రులు కలిసి మోగితే సర్క్యూట్ లెక్క తప్పుతుంది. లావు తంత్రుల అడుగు స్వరాలలో మూలనాదం కన్నా అనుస్వరాలు బలంగా ఉండి మళ్ళీ అదే చిక్కు తెస్తాయి. అందువల్ల ఒక్కొక్క స్వరాన్నే వాయించాలి. మిగిలిన తంత్రులను అరచేతితో అణచాలి. గిటారు టోన్ నాబ్ తగ్గించి, మెడ వైపు మీటాలి. పెడల్‌ను డిస్టార్షన్, కోరస్‌ల కన్నా ముందు, గిటారు పక్కనే కలపాలి.

2020లో వచ్చిన ఓసీ-5లో పాలీ పద్ధతి ఉన్నందున పలు తంత్రులు కలిపి మీటినా పనిచేస్తుంది. పాత నాదం కావలసినవారికి అందులోనే వింటేజ్ పద్ధతి ఉంది.

అన్నట్టు, వాయించడం ముగిశాక పెడల్ ఇన్‌పుట్ జాక్‌ను పీకివేయాలి. లేకుంటే పెడల్ ఆపినా 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.