జిగ్‌సా రంపము – పలక క్రింద జరుగు పని

పూజామందిరమునకు తోరణపు వంపు, వంటగది బల్లలో తొట్టి దిగుటకు చదరపు ఖాళీ, అలమర వెనుక పలకలో విద్యుత్తీగ పోవుటకు రంధ్రము – ఇట్టి పనులు మామూలు చేతిరంపమునకు సులభముగా లొంగవు. వీనికై నేటి వడ్రంగులు విరివిగా వాడు పనిముట్టు జిగ్‌సా. ఇంటిలో చిన్న చిన్న పనులు స్వయముగా చేసికొనువారును దీనిని కొనుచున్నారు. చేతిలో ఇముడునది, చూపునకు సాధువైనది కనుక దీని యెడ భయము తక్కువ. ఆ నిర్భయమే ఒక్కొక్కప్పుడు వ్రేళ్లకు ముప్పు తెచ్చును. కావున దీని నడకను, ఆ నడకనుబట్టి పాటింపవలసిన నియమములను శ్రోతలకు వివరింపదలచితిమి.

1946లో స్విట్జర్లాండులోని సోలోతుర్న్ పట్టణమున, స్కింటిల్లా అను సంస్థలో పనిచేయుచున్న ఆల్బర్ట్ కౌఫ్‌మన్ అను ఇంజనీరు, కుట్టుమిషనులో సూదికి బదులు సన్నని రంపపు బ్లేడును అమర్చి చూచెనని చెప్పుదురు. మరుసటి ఏడు, 1947లో, ఆ ఊహ చేతి పనిముట్టుగా అంగడికి వచ్చెను.

కుట్టుమిషను సూది వలెనే జిగ్‌సా బ్లేడును పై కొన యందే యంత్రపు పట్టులో ఉండును. క్రింది కొనకు ఏ ఆధారమును లేదు. ఒక్కొక్క ఊపునకు అది సుమారు 2 సెంటీమీటర్లు పైకి క్రిందికి ఆడును. పూర్తి వేగమున నిమిషమునకు 3,000 సార్లు ఆడు యంత్రములు కలవు. మామూలు బ్లేడు పళ్లు పైకి తిరిగి ఉండును. అనగా అది పైకి లేచునప్పుడే చెక్కను కోయును. పళ్లు పైకి చూచుట, క్రింది కొన విడిగా ఉండుట, ఆ కొన మన కంటికి కనబడకుండుట – ఈ మూడింటినుండియే జిగ్‌సా నియమములు పెక్కు పుట్టుచున్నవి.

మొదటిది. బ్లేడు పైకి కోయుచు పలకను తనతో పైకి లాగును. యంత్రపు అడుగు రేకును పలకకు గట్టిగా అదిమి ఉంచనిచో పలకయు యంత్రమును కలిసి ఎగిరిపడును. పళ్లు వెలుపలికి వచ్చు పై ముఖముననే పెచ్చులు లేచును. కావున పలక యొక్క మంచి ముఖమును క్రిందికి త్రిప్పి, వెనుక ముఖముపై గీత గీసి కోయవలెను. పలక తిరిగినందున ఎడమ కుడియగునని మరువరాదు. రూపు సమముగా లేనిచో నమూనాను కూడ త్రిప్పి గీయవలెను. బల్లపై ముందే సన్‌మైకా అంటించి ఉండి, పైనుండియే కోయవలసి వచ్చినచో, పళ్లు క్రిందికి తిరిగిన బ్లేడులు దొరకును. అవి యంత్రమును పైకి నెట్టును గనుక మరింత గట్టిగా అదిమి పట్టవలెను.

రెండవది. ఆధారము లేని కొన బలవంతమునకు వంగును. దళసరి చెక్కలో యంత్రమును తోసినచో పైన గీత సరిగానే కనబడును. క్రింద కోత ప్రక్కకు వాలిపోవును. యంత్రపు ధ్వని కుంగుట, చెక్క కమురు వాసన వచ్చుట, తోపు ఎక్కువైనదనుటకో బ్లేడు మొద్దువారినదనుటకో గుర్తులు. వంపులకు సన్నని బ్లేడు తగును. మిక్కిలి చిన్న వంపైనచో, పనికిరాని భాగమున అంచునుండి గీత దాక అక్కడక్కడ అడ్డుకోతలు ముందే వేసికొనవలెను. అప్పుడు ముక్కలు ఊడిపడుచు బ్లేడు తిరుగుటకు చోటు కలుగును. చెక్కకు పెద్ద పళ్లు, లోహపు రేకునకు సన్నని పళ్లు గల బ్లేడును, తగ్గించిన వేగమును వాడవలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. కోత ముగియవచ్చునప్పుడు ఊడిపడబోవు ముక్కను ఎడమచేతితో క్రిందనుండి పట్టుకొనుట ఎవరికైనను సహజము. కాని ఆ చేయి పోవు చోటనే బ్లేడు ఆడుచుండును. కావున పలకను రెండు చోట్ల క్లాంపులతో బల్లకు బిగించి, ఊడు ముక్కకు క్రింద వేరుగా ఆధారమునుంచి, రెండు చేతులను పలకకు పైననే ఉంచుకొనవలెను. కోత దారి పొడవునను పలక క్రింద బల్లగాని, మేకుగాని, యంత్రపు తీగగాని లేదని ముందే వంగి చూడవలెను.

పని వరుస ఇది. అడుగు రేకును పలకపై ఆనించి, బ్లేడు చెక్కను తాకకుండగనే మీట నొక్కి, వేగమందుకొన్న పిమ్మట ముందుకు సాగవలెను. పలక నడుమ ఖాళీ కోయవలసినచో, తీసివేయు భాగమున బ్లేడు దూరునంత రంధ్రమును బరమాతో తొలిచి అందుండి మొదలిడవలెను. ముగించునప్పుడు మీట విడిచి, బ్లేడు పూర్తిగా నిలిచిన తరువాతనే యంత్రమును ఎత్తవలెను. ఆడుచున్న బ్లేడును ఎత్తినను దింపినను అది పలకను పొడిచి ఎగిరిపడును. బ్లేడు మార్చుటకు ముందు ప్లగ్గును ఊడదీయవలెను. బ్యాటరీ యంత్రమైనచో బ్యాటరీని తీయవలెను. అప్పుడే కోసిన బ్లేడు కాలుచుండును గనుక వట్టి వ్రేళ్లతో తాకరాదు.

కంటికి అద్దములు, ముక్కునకు పొట్టును ఆపు కట్టు, చెవులకు ధ్వనిని తగ్గించు బిరడాలు అవసరము. కండువా, చీర కొంగు, వదులు చొక్కాచేతులు బిగించుకొనక మీట నొక్కరాదు.

క్రొత్తవారు మొదట పనికిరాని పలకపై తిన్నని గీతను, పిదప వంపును కోసి చూచుట మేలు. కోసిన ముక్కను తిరగవేసి, అంచునకు మూలమట్టమును ఆనించి చూడుడు. రెండింటి నడుమ వెలుతురు కనబడినచో బ్లేడు వాలిన దన్నమాట. అప్పుడు బ్లేడు నిలువుగా బిగిసినదో లేదో పరీక్షించి, అడుగు రేకు లంబకోణమున ఉన్నదో లేదో సరిచూచి, తోపు తగ్గించి మరల కోయుడు. వెలుతురు చొరని అంచు వచ్చిన పిమ్మటనే మంచి పలకను బల్లపైకి ఎక్కింపుడు.