ఐపీ దొరికితే దొంగ దొరికినట్టేనా?

డిజిటల్ ఫోరెన్సిక్స్ అంటే ఫోన్లు, కంప్యూటర్లు, పెన్‌డ్రైవ్‌లలో మిగిలిపోయిన జాడలను పట్టుకునే విద్య. నెట్‌వర్క్ ఫోరెన్సిక్స్ పని ఆ పరికరాల మధ్య నడిచిన రాకపోకల లెక్క తీయడం. ఏ జాడ ఎంతసేపు నిలుస్తుందన్నదే రెండింటికీ మొదటి ప్రశ్న. కొన్ని నిమిషాల్లో పోతాయి, కొన్ని ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఈ తేడా తెలియకనే చాలా అపోహలు పుట్టాయి.

అపోహ: డబ్బు ఎలాగూ పోయింది, ఫిర్యాదు రేపు చేసినా ఒకటే

ఆన్‌లైన్ మోసంలో కొట్టేసిన డబ్బు మొదటి ఖాతాలో ఎక్కువసేపు ఉండదు. కమీషన్‌కు ఆశపడి ఎవరో అద్దెకిచ్చిన మ్యూల్ ఖాతాల్లోకి ముక్కలుగా చీలిపోతుంది. అక్కడినుంచి ఏటీఎంలకో, క్రిప్టో కరెన్సీలోకో మళ్ళుతుంది. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 హెల్ప్‌లైన్ ఈ పరుగుకు అడ్డుపడటానికే ఉంది. 2021లో ఈ ఏర్పాటు మొదలైనప్పుడు నంబరు 155260. ఫిర్యాదు నమోదు కాగానే ఆ లావాదేవీ వివరాలు సంబంధిత బ్యాంకుకు చేరతాయి. డబ్బు అప్పటికే వేరే బ్యాంకుకు వెళ్ళిపోయి ఉంటే ఫిర్యాదు కూడా దాని వెంటే వెళుతుంది. ఎక్కడ దొరికితే అక్కడ, దొరికిన మేరకు నిలిపేస్తారు. నేరం మా పరిధిలో జరగలేదని స్టేషన్‌లో వెనక్కి పంపే వీలు కూడా ఇప్పుడు చట్టం ఇవ్వదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లోగా సంతకం చేయవచ్చు.

అపోహ: డిలీట్ చేస్తే పోయినట్టే

ఫైలును డిలీట్ చేసినప్పుడు పాత హార్డ్ డిస్కు చేసేది చాలా చిన్న పని. విషయసూచికలో ఆ అధ్యాయం పేరు కొట్టేస్తుంది, పేజీలను చింపదు. వాటిమీద కొత్త సమాచారం పడేదాకా పాత అక్షరాలు అక్కడే ఉంటాయి. అమెరికాలోని విచిటాలో ముప్పై ఏళ్ళపాటు దొరకని ఒక వరుస హంతకుడు, ఫ్లాపీ పంపితే తన ఆచూకీ తెలుస్తుందా అని పోలీసులనే అడిగాడు. ఏం పరవాలేదని వాళ్ళు పత్రికా ప్రకటన రూపంలో బదులిచ్చారు. 2005లో అతను పంపిన ఫ్లాపీలో డిలీట్ చేసిన వర్డ్ ఫైలు ఒకటి మిగిలింది. దానిలో ఒక చర్చి పేరు, చివరిసారి ఫైలును మార్చినవారి పేరు ఉన్నాయి. ఆ చర్చి సంఘానికి అధ్యక్షుడు అతనే.

ఈ కథ విని, డిలీట్ చేసినవన్నీ ల్యాబ్‌లో బయటికి వస్తాయనుకోవడం అంతే పెద్ద పొరపాటు. ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ అయిన చోటును తనంతట తానే తుడిచేస్తుంది. ఇప్పటి ఫోన్లలో సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవి నాశనమై గిడ్డంగి మొత్తం పనికిరానిదవుతుంది. అలాంటప్పుడు పరిశోధకులు క్లౌడ్ బ్యాకప్‌లో, అవతలివాళ్ళ ఫోన్లలో వెతుకుతారు. ఒక సందేశానికి కనీసం ఇద్దరు సాక్షులుంటారు కదా.

సోదాలో కంప్యూటర్ కనబడగానే ప్లగ్ పీకేయాలనేది పాతకాలపు సలహా. నడుస్తున్న యంత్రం ర్యామ్‌లో పాస్‌వర్డ్‌లు, ఎన్‌క్రిప్షన్ తాళాలు, ఆ క్షణంలో తెరిచి ఉన్న నెట్‌వర్క్ కనెక్షన్లు ఉంటాయి. కరెంటు పోతే అవీ పోతాయి. అందుకే వీలైనచోట ముందు ర్యామ్ నకలు తీస్తారు. ఫోన్‌ను దూరం నుంచి తుడిచేసే వీలు లేకుండా సిగ్నల్ చొరబడని ఫారడే సంచిలో వేస్తారు.

అపోహ: ఐపీ అడ్రస్ అంటే ఇంటి నంబరు లాంటిది

ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ ఈ రంగంలో లేదు. ఐపీవీ4 పద్ధతిలో ఉన్న అడ్రసులు మొత్తం 430 కోట్లకు మించవు. అవి చాలక మొబైల్ కంపెనీలు ఒక్కో పబ్లిక్ ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది వినియోగదారులకు పంచుతాయి. బయటికి అందరిదీ ఒకే అడ్రస్. ఎవరు ఎవరో విడదీసేది పోర్టు నంబరు. దర్యాప్తు అధికారి ఆ కంపెనీకి పంపే లేఖలో ఐపీ, పోర్టు, సెకన్లతో సహా సమయం మూడూ ఉంటేనే ఒక వినియోగదారుడి పేరు వస్తుంది. పోర్టు లేకపోతే వచ్చేది పెద్ద జాబితా.

సమయం విషయంలో ఇంకో చిక్కుంది. విదేశీ సంస్థల లాగ్‌లు సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంటాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. లాగ్‌లో 18:10 అని ఉంటే ఇక్కడ రాత్రి 11:40. దాన్నే సాయంత్రం 6:10 అని చదివితే ఆ సమయంలో అదే ఐపీ వాడిన మరో మనిషి తలుపు తడతారు. ఇలాంటి తప్పు ఎంత దూరం పోగలదో 2007లో తేలింది. ఆర్కుట్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో శివాజీని కించపరిచారన్న కేసులో పుణె పోలీసులు బెంగళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పట్టుకెళ్ళారు. సర్వీస్ ప్రొవైడర్ ఇచ్చిన ఐపీ వివరాలే తప్పని తేలేసరికి అతను దాదాపు 50 రోజులు జైల్లో గడిపాడు. ఐపీ సరైనదే అయినా అది చూపేది కనెక్షన్‌ను మాత్రమే. ఆ ఇంట్లో వైఫై వాడింది అద్దెకున్నవాళ్ళా, పక్కింటివాళ్ళా అన్నది విడిగా రుజువు కావాలి.

అపోహ: వీపీఎన్ వాడినవాణ్ణి, ఎన్‌క్రిప్ట్ చేసినదాన్ని పట్టుకోలేరు

వీపీఎన్‌తో చేసినట్టు ఒకచోట నుంచి ఇంకోచోటికి దూకుతూ దాక్కోవడం ఇంటర్నెట్ అంత పాతది. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకం బిల్లులో 75 సెంట్లు తేడా వచ్చింది. ఖగోళ శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్ దాని వెంటపడి నెలల తరబడి కాపు కాశాడు. ఆ తేడాకు కారణమైన చొరబాటుదారుడు జర్మనీలోని హానోవర్ నుంచి అనేక నెట్‌వర్క్‌ల మీదుగా వస్తున్నాడు. అక్కడి ఫోన్ ఎక్స్ఛేంజీలో లైను వెతకడానికి సమయం పట్టేది కాబట్టి స్టోల్ నకిలీ రక్షణ పత్రాలు ఎరగా పెట్టాడు. అవి చదువుకుంటూ అతను లైన్‌లో ఉండిపోయాడు, ఇంటి ఫోన్ దాకా జాడ దొరికింది. ఇప్పుడు హనీపాట్ అంటున్నది దాదాపు ఇదే.

మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు, వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలను ఐదేళ్ళు భద్రపరచాలి. కొన్ని వీపీఎన్ కంపెనీలు తమ సర్వర్లనే ఇక్కడినుంచి ఎత్తేశాయి. అంటే దారి కష్టమైంది, మూసుకుపోలేదు. ఎన్‌క్రిప్షన్ సంగతీ అంతే. గుసగుస వినపడకపోయినా, ఎవరు ఏ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళారో వీధికి తెలుస్తుంది. ప్యాకెట్ లోపలి మాట దాగినా అది ఎక్కడికి పోయింది, ఎప్పుడు, ఎంత పరిమాణంలో అన్నవి కనబడతాయి. వైరస్ పట్టిన కంప్యూటర్ ప్రతి 60 సెకన్లకూ ఒకే సర్వర్‌ను పలకరిస్తుంటే ఆ లయే దాన్ని పట్టిస్తుంది.

బిట్‌కాయిన్‌కు ఆనవాళ్ళుండవన్నది దీనికి చుట్టమైన అపోహ. ప్రతి లావాదేవీ అందరూ చూడగల చిట్టాలో శాశ్వతంగా ఉంటుంది, లేనిది పేరు మాత్రమే. బిట్‌ఫైనెక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి నుంచి 2016లో దాదాపు 1.2 లక్షల బిట్‌కాయిన్లు చోరీ అయ్యాయి. వాటిలో 94 వేలకు పైగా 2022 ఫిబ్రవరిలో అమెరికా అధికారుల చేతికి వచ్చాయి. వాటి తాళాలున్న ఫైలు దొరికింది నిందితుడి క్లౌడ్ ఖాతాలో.

అపోహ: స్క్రీన్‌షాట్ ఉంటే కోర్టుకు చాలు

ఫిర్యాదుకు అది పనికొస్తుంది, రుజువుకు సరిపోదు. ల్యాబ్‌లో అసలు డిస్కు మీద నేరుగా పనిచేయరు. డిస్కు మీద ఏమీ రాయకుండా అడ్డుకునే రైట్ బ్లాకర్ మధ్యలో పెట్టి బిట్టుకు బిట్టు నకలు తీసి, రెండింటి హ్యాష్ విలువలు (సమాచారం నుంచి లెక్కగట్టే డిజిటల్ వేలిముద్రలు) సరిచూస్తారు. ఒక్క బిట్ మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. నకలును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో తేల్చింది. మహారాష్ట్రలోని జాల్నాలో నామినేషన్ గడువు దాటాక వేశారా అన్న వివాదం అది, సాక్ష్యం ఎన్నికల అధికారి కార్యాలయంలోని వీడియో కెమెరా దృశ్యాలు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్‌లో రెండు భాగాలున్నాయి. ఒకటి సాక్ష్యం సమర్పించేవారు, రెండోది నిపుణుడు నింపాలి. హ్యాష్ విలువ, దాన్ని లెక్కించిన పద్ధతి రాయాలి. నమూనాలో ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1, ఎస్‌హెచ్‌ఏ-256 అనే మూడు పద్ధతులూ కనబడతాయి. మొదటి రెండింటిలో వేర్వేరు ఫైళ్ళకు ఒకే విలువ వచ్చేలా చేయవచ్చని పరిశోధకులు ఎప్పుడో చూపించారు కాబట్టి, జాగ్రత్తపరుడైన నిపుణుడు మూడోదాన్ని వదలడు.