స్కూటర్ బ్యాటరీని పడకగదిలో పెట్టొద్దు

రాత్రి ఫోనుతో పాటు స్కూటర్ బ్యాటరీనీ ఛార్జింగ్ పెట్టి పడుకోవడం నల్లగొండ, పాలమూరు ఇళ్లలో అలవాటవుతోంది. పెట్రోలు ఖర్చు తప్పింది, బండి పొగ లేదు, మంచిదే. కానీ ఆ బ్యాటరీ ఎక్కడ ఉందో చూసుకోవాలి.

ఎలక్ట్రిక్ సైకిల్ కొత్తదేమీ కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే దానికి పేటెంట్ పొందారు. మన దేశంలో 2006 ప్రాంతంలో వచ్చిన యో బైక్‌ల వంటి వాటిలో బరువైన లెడ్ యాసిడ్ బ్యాటరీలుండేవి. వాటిని మోయడం కష్టం కాబట్టి బండి దగ్గరే ఛార్జింగ్. లిథియం అయాన్ రకం వచ్చాక బరువు తగ్గింది, బ్యాటరీ చేతికి తేలికై ఇంట్లోకి వచ్చింది. ముప్పూ దానితోనే వచ్చింది. లోపల ఒక్క సెల్ దెబ్బతిని వేడెక్కితే, ఆ వేడి పక్క సెల్‌కు పాకి క్షణాల్లో మంటలు, విషవాయువులు వస్తాయి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. అదే నెలలో విజయవాడలోనూ అలాంటి ప్రమాదం ఒకరి ప్రాణం తీసింది. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ పై అంతస్తుల్లోని హోటల్‌ను కమ్మేసి 8 మంది మరణించారు. ఆ డిసెంబరు నుంచి బ్యాటరీ పరీక్షల నిబంధనలు కఠినమయ్యాయి. అయితే ఇంట్లో ఎక్కడ ఛార్జింగ్ పెట్టాలో నిర్ణయించుకోవాల్సింది మనమే. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో 2023 మేలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఈ బండ్లు ఇంకా పెరుగుతాయి, జాగ్రత్తా పెరగాలి.

ఇవి పాటించండి

- గాలి ఆడే వరండాలో, మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ పెట్టండి. పడకగది, మెట్ల కింద, బయటికెళ్లే తలుపు దగ్గర వద్దు.
- ఎండలో తిరిగొచ్చిన బండిని చల్లారనిచ్చి పెట్టండి.
- కంపెనీ ఛార్జరే వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు.
- బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా, నీళ్లలో మునిగినా వాడకండి.

మంటలొస్తే ఆర్పే ప్రయత్నంలో ఉండిపోకండి. అందరూ బయటికొచ్చి 101కు ఫోన్ చేయండి. ఆరినట్టు కనిపించినా మళ్లీ అంటుకోవచ్చు.

కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయండి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు, పసుపు రాయొద్దు. పొగ పీల్చిన వారికి గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనిపించినా, ఆయాసం వచ్చినా వెంటనే 108ని పిలవండి. పైకి గాయం లేకున్నా కొన్ని గంటల్లో గొంతు లోపల వాచి ఊపిరి ఆడకపోవచ్చు.

బండి కొన్నరోజే ఛార్జింగ్‌కు చోటు చూసుకోండి. వరండాలో ఒక ప్లగ్గు పెట్టించడానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.