కంపనం చెప్పే కబురు

యంత్రాల నడుమ బ్రతుకు గడిపే మనవంటి వారికి కంపనం కొత్త విషయం కాదు. తిరుగుతున్న పంపు బేరింగుపై స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడికి చెవినొగ్గి, దాని ఆరోగ్యం ఎలా ఉన్నదో చెప్పగల అనుభవజ్ఞులు ప్రతి కర్మాగారంలోనూ ఉంటారు. కంటికి కనిపించని లోపాన్ని కంపనం ముందుగా పట్టి ఇస్తుంది. ఈ సత్యమే నేడు కొందరి ఇళ్లలో పిల్లల ఆటవస్తువుగా కనిపించే ఒక సాధనానికి, అంటే మోటారు పందెపు సిమ్యులేటర్‌కు, ప్రాణం పోస్తున్నది. కోల్‌కతా నగరాన్ని ఆధారం చేసుకొని ఆ విశేషాలను పాఠకుల ముందుంచదలచాము.

పందెపు బాట లేని నగరం

స్వాతంత్ర్యానంతర దశాబ్దాలలో కోల్‌కతా చేరువనున్న బారక్‌పూర్ రన్‌వేపై మోటారు పందాలు జరిగేవి. ఆ వైభవం ఏనాడో ముగిసింది. 2024లో ఇండియన్ రేసింగ్ లీగ్‌లో సౌరవ్ గంగూలీ యాజమాన్యాన కోల్‌కతా పేరిట ఒక జట్టు వెలసింది. అయితే శాశ్వతమైన పందెపు బాటలు శ్రీపెరుంబుదూరు, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడా వంటి దూరప్రాంతాలలో ఉన్నవి. అందుచేత ఈ విద్యపై మక్కువ గల కోల్‌కతా యువకునికి ఇనుప చట్రంపై బిగించిన ఆసనం, స్టీరింగు, పెడళ్లు, ఎదుట ఒక తెర, ఇవే అందుబాటులోని బాట.

ఈ ఏర్పాటులో ఒక పెద్ద కొరత ఉన్నది. నిజమైన కారులో వెనుక చక్రాలు పట్టు తప్పుతున్న సంగతి చోదకునికి కంటికన్న ముందు నడుముకు తెలుస్తుంది. బ్రేకు అతిగా నొక్కినందువల్ల చక్రం బిగిసిపోతే పాదానికి తెలుస్తుంది. ఇంట్లోని ఆసనం మూగది. కారు బాట దాటిన తరువాత గాని తెర ఆ మాట చెప్పదు. ఫలితంగా నేర్చుకొనేవాడు ఆలస్యంగా స్పందించడానికే అలవాటు పడతాడు.

రామన్ చూపిన దారి

కంపన శాస్త్రానికీ కోల్‌కతాకూ గల బంధం పాతది. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1907లో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగిగా ఆ నగరం చేరారు. కార్యాలయానికి వెళ్లక ముందూ, వచ్చిన తరువాతా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధనలు సాగించారు. 1917లో ఉద్యోగం వదలి విశ్వవిద్యాలయ ఆచార్యులయ్యేవరకూ విరామ వేళలే ఆయన ప్రయోగశాల కాలం. వాద్యాల తీగలపై, మృదంగం, తబలాలపై ఆయన చేసిన కృషి ప్రసిద్ధం. మామూలు డోలు చర్మం నుండి పొందిక లేని ధ్వనులు పుడతాయి. తబలా చర్మంపై తగిన చోట, తగిన మేర వేసిన నల్లని పూత వల్ల ఆ ధ్వనులకు స్వరానుబంధం కలుగుతుంది. కంపించే వస్తువులో బరువు ఎక్కడ ఉన్నదన్నదే ఫలితాన్ని మారుస్తుందన్న ఈ సూత్రం మన ఇంటి ఆసనానికీ వర్తిస్తుంది.

అమరిక

బౌబజార్‌కు కొద్ది దూరంలోనే చాందినీ చౌక్ బజారు. స్పీకర్లు, యాంప్లిఫయర్లు, తీగలు, మరలు దొరికే ఆ సందులలో ఈ పనికి కావలసిన సామగ్రి చాలావరకు సమకూరుతుంది. ముఖ్యమైనది బాస్ షేకర్ అనే పరికరం. ఇది కాగితపు శంకువు లేని స్పీకరు వంటిది. ఇందులోని విద్యుత్ చుట్ట గాలిని కదిలించడానికి బదులు ఒక బరువును ఆడించి, తనను బిగించిన చట్రాన్ని కంపింపజేస్తుంది. సుమారు 20 నుండి 80 హెర్ట్జ్ వరకు దీని ముఖ్య పరిధి.

కంప్యూటర్‌లో ఆట నడుస్తున్నంతసేపూ ఇంజను వేగం, చక్రాల జారుడు, బాట ఎగుడుదిగుడులు అంకెల రూపంలో వెలువడుతూ ఉంటాయి. సిమ్‌హబ్ వంటి సాఫ్ట్‌వేర్ వాటిని సంకేతాలుగా మార్చి, వేరొక సౌండు కార్డు ద్వారా యాంప్లిఫయర్‌కు పంపుతుంది. నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 1,200 చుట్లు తిరిగితే సెకనుకు 20 చుట్లు, 40 దహనాలు. అంటే 40 హెర్ట్జ్ కంపనం.

షేకరును మెత్తకు ఆనించరాదు. దూది, స్పాంజి కంపనాన్ని మింగివేస్తాయి. ఆసనం అడుగున ఉక్కు పలకకు మరలతో బిగించాలి. ఒకటి పెడళ్ల పలక కింద, మరొకటి ఆసనం కింద ఉంటే ముందు చక్రాల వార్త పాదాలకు, వెనుక చక్రాల వార్త నడుముకు చేరుతుంది. యాంప్లిఫయర్ ఎన్ని ఓముల భారానికి తగినదో చూసుకోవాలి. 4 ఓముల షేకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే భారం 2 ఓములకు దిగుతుంది. అంతకు తట్టుకోలేని యాంప్లిఫయర్ వేడెక్కి చెడిపోవచ్చు.

కింది అంతస్తు మాట

కోల్‌కతా ఫ్లాట్లలో మన నేలే పొరుగువారి పైకప్పు. శబ్దం చెవులలో ఇయర్‌ఫోన్లతో ఆగుతుంది గాని కంపనం చట్రం కాళ్ల నుండి స్లాబులోకి దిగిపోతుంది. ఎంత రబ్బరు పెట్టినా చాలునన్న భావన సరికాదు. గట్టి రబ్బరు కంపనాన్ని ఆపకపోగా, ఒక్కొక్కసారి పెంచుతుంది. చట్రపు సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్లు దాటిన కంపనాలు మాత్రమే తగ్గడం మొదలవుతుంది. మనిషి కూర్చున్నప్పుడు సుమారు 4 మిల్లీమీటర్లు కుంగే దిమ్మలైతే సహజ పౌనఃపున్యం 8 హెర్ట్జ్ ప్రాంతానికి వస్తుంది. అప్పుడు 20 హెర్ట్జ్ కంపనంలో దాదాపు ఐదోవంతు మాత్రమే నేలకు చేరుతుందని లెక్క. మన యంత్రాల పునాదులకు వాడే సూత్రమూ ఇదే. ఎన్ని దిమ్మలు వేసినా 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు రాత్రిగా పేర్కొన్న 10 నుండి 6 గంటల వరకు ఆట మానడం మర్యాద.

తక్కువలోనే ఎక్కువ

పరికరం కొత్తగా అమర్చినవారు అన్ని ప్రభావాలనూ పూర్తి స్థాయిలో పెట్టుకోవడం కద్దు. ఇంజను హోరు ఎడతెగక మోగితే దేహం దానికి అలవాటుపడుతుంది. చక్రం బిగిసిన క్షణాన వచ్చే అసలు హెచ్చరిక ఆ హోరులో కలిసిపోతుంది. అందుచేత మొదట బ్రేకు బిగింపు, వెనుక చక్రాల జారుడు, ఈ రెండింటినే ఉంచి సాధన చేయాలి. అవి స్పష్టంగా తెలిశాక గేరు మార్పును, బాట అంచులను చేర్చాలి. ఇంజను కంపనం చివర, అతి తక్కువగా ఉంటే చాలు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ ఏర్పాటును వృథా వ్యయమని కొట్టివేయక, పిల్లలతో కలిసి మరలు బిగించండి. ఓముల లెక్క, దిమ్మల లెక్క వారిచేత చేయించండి. పాఠ్యపుస్తకంలోని పౌనఃపున్యం వారి అరికాలికి తెలుస్తుంది. ఇంట్లో పందెం గెలిచిన చేతులు వీధిలో నిదానంగా నడపాలన్న మాట కూడా ఆ పని జరుగుతూ ఉండగానే చెప్పండి. అప్పుడు చెప్పిన మాట వారి చెవికెక్కుతుంది.