కాళ్ళ కింది నుంచి ఎక్కే సముద్రం

సముద్రపు ఒడ్డున పిల్లలు ఇసుకలో చెలమ తవ్వడం మీరు చూసే ఉంటారు. మోచేతి లోతు పోగానే అడుగున నీరు ఊరుతుంది. పోటు మొదలయ్యేదాకా ఆ చెలమ పక్కనే కూర్చోండి. అల ఒక్కటీ దాన్ని తాకకపోయినా లోపల నీళ్ళు మెల్లగా ఎక్కుతాయి, తడిసిన అంచులు జారి కూలిపోతాయి. సముద్రం ఇసుక సందుల్లోంచి కింది నుంచే వచ్చిందన్నమాట.

సముద్రమట్టం పెరుగుతోందంటే గట్టు దాటి వచ్చే కెరటమే మన కళ్ళకు కడుతుంది. కానీ ఉప్పునీరు మంచినీటి కన్నా సుమారు రెండున్నర శాతం బరువెక్కువ. అందుకే తీరప్రాంతాల నేల అడుగున మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రం ఎక్కితే పైనున్న భూగర్భజలమూ ఎక్కుతుంది. ఒడ్డున గోడ కట్టినా, గోడ కిందుగా ఈ ఒత్తిడి సాగుతూనే ఉంటుంది.

ఎక్కే నీటికి దారిలో విషం తగిలితే ఏమవుతుంది? అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ ప్రశ్న ఇప్పుడు ఎదురుగానే ఉంది. అక్కడ గోల్డెన్ గేట్ వద్ద 1854 నుంచి సముద్రమట్టాన్ని కొలుస్తున్నారు. గత వందేళ్ళలో అది దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. అదే నగరపు ఆగ్నేయ కొసన హంటర్స్ పాయింట్ అనే పాత నౌకాదళ రేవు ఉంది. అందులో చాలా భాగం శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతాన్ని పూడ్చి చేసిన నేల. 1946లో బికినీ దీవి వద్ద అణుబాంబు పరీక్షలకు గురైన ఓడల్లో కొన్నింటిని ఇక్కడికి తెచ్చి కడిగారు. 1969 దాకా నౌకాదళ రేడియోధార్మిక పరిశోధనశాల ఇక్కడే నడిచింది. చీకట్లో మెరిసేలా రేడియం రంగు పూసిన ఓడ మీటర్ల డయళ్ళు, సీసం, పీసీబీలనే విష రసాయనాలు ఈ మట్టిలో కలిశాయి. 1989లో దీన్ని అత్యంత కలుషిత స్థలాల జాతీయ జాబితాలో, అంటే సూపర్‌ఫండ్ జాబితాలో, చేర్చారు.

ఇలాంటి చోట విషాన్ని తవ్వి తీయడం ఖర్చుతో కూడిన పని. అందుకే చాలాసార్లు పైన శుభ్రమైన మట్టి పరిచి, తారు వేసి మూసేస్తారు. ఆ కప్పు వాన నీటిని లోపలికి దిగనివ్వదు. అయితే గొడుగు వానను ఆపుతుంది గానీ ఊటను ఆపలేదు. పొడిగా ఉన్న మట్టిలోకి కింది నుంచి నీరు చేరితే అక్కడి రసాయన స్థితే మారిపోతుంది. ఉదాహరణకు ఆర్సెనిక్ మట్టిలోని ఇనుప తుప్పును పట్టుకుని ఉంటుంది. నీరు నిలిచి ఆక్సిజన్ తగ్గితే ఆ తుప్పు కరుగుతుంది, ఆర్సెనిక్ నీటిలోకి విడుదలవుతుంది. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో సివిల్ గ్రాండ్ జ్యూరీ (స్థానిక పాలనను పరిశీలించే పౌరుల బృందం) హంటర్స్ పాయింట్ విషయంలో సరిగ్గా ఈ హెచ్చరికే చేసింది: పెరిగే భూగర్భజలాన్ని శుద్ధి పథకాల లెక్కలోకి తీసుకోవాలని. ఆ రేవు పక్కనే తరాలుగా నల్లజాతి కుటుంబాలు కాపురం ఉంటున్నాయి.

ఆ అఖాతపు దక్షిణపు ఒడ్డున మన తెలుగువాళ్ళూ వేలాదిగా ఉన్నారు. సిలికాన్ వ్యాలీ ఉన్న శాంటా క్లారా కౌంటీలో 23 సూపర్‌ఫండ్ స్థలాలున్నాయి. అమెరికాలో మరే కౌంటీలోనూ ఇన్ని లేవు. చిప్‌లు కడగడానికి వాడిన ట్రైక్లోరోఎథిలీన్ వంటి ద్రావకాలు భూమిలోని ట్యాంకుల నుంచి కారి నేలలో ఇంకాయి. ఇవి ఆవిరై మట్టి సందుల్లోంచి, మురుగు గొట్టాల్లోంచి ఇళ్ళలోకి చేరగలవు. నీటిమట్టం ఎక్కితే ఆ ఆవిరి పుట్టే చోటుకు, ఇంటి పునాదికి మధ్య దూరం తగ్గుతుంది.

రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. ఏ కప్పూ అంతకాలం నిలవదు. అందుకే తీయగలిగిన విషాన్ని ఇప్పుడే తవ్వి తీసేయాలి. తీయలేని చోట పరిశీలన బావులు వేసి, పోటుకూ ఆటుకూ నీరెంత కదులుతోందో ఏళ్ళ తరబడి కొలవాలి. తీరం వెంట పరిశ్రమలకు, చెత్త గుట్టలకు చోటు చూసే మనకూ ఈ లెక్క అవసరమే. నీళ్ళు ఇవాళ ఎంత లోతున ఉన్నాయో చూసుకుంటే సరిపోదు, మన మనవల కాలానికి ఎక్కడికి ఎక్కుతాయో చూసి మరీ అనుమతి ఇవ్వాలి.