నీలి కొసల తెల్ల పువ్వు: గుర్తుపట్టేదెలా?

వానలు తెరిపిచ్చినా గడ్డి నేలల్లో నీటి చెమ్మ ఆరని రోజులివి. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాల్లోని మన బడులు పిల్లలను మొక్కల పరిశీలనకు తీసుకెళ్లడానికి ఇదే అదను. చిత్తడి గడ్డిలో మోకాలెత్తున నిలబడి, నాలుగు తెల్ల రేకుల కొసలకు నీలిమందు అద్దినట్టుండే పువ్వు కనిపిస్తే ఆగండి. అది జెన్షియన్ కుటుంబపు మొక్క, ఎక్సాకమ్ బైకలర్ కావచ్చు.

ఇంగ్లిషులో దీన్ని పర్షియన్ వయొలెట్ అంటారు. ఇది పర్షియాదీ కాదు, వయొలెటూ కాదు. మన దేశపు మొక్కే. శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు వెళ్లే ముందు ఏళ్ల తరబడి సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలకు స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. కొన్ని పుస్తకాల్లో ఎక్సాకమ్ టెట్రాగోనమ్ అని కనిపిస్తుంది. అదీ ఆయన పెట్టిన పేరే. రెండూ ఒకే జాతి అనేవారున్నారు. పిల్లలు ఏది రాసినా మార్కులు కోయకండి.

రంగు చూసి తేల్చేయకూడదు. ముందు కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడాలి. నాలుగు పలకలు తగులుతాయి. ఆకులు ఎదురెదురుగా, తొడిమ లేకుండా, నున్నగా ఉంటాయి. ఆకు మొదలు నుంచి మూడు నుంచి అయిదు ఈనెలు కొస దాకా సాగుతాయి. విచ్చని మొగ్గను చూడండి: రేకులు గొడుగు మడిచినట్టు మెలి తిరిగి ఉంటాయి. ఇది జెన్షియన్ కుటుంబపు ముఖ్యమైన గుర్తు. పువ్వు నడుమ నాలుగు పసుపు కేసరాలు, పక్కకు వంగిన కీలం. పుప్పొడి కేసరాల కొసనున్న చిన్న రంధ్రాల్లోంచే రాలుతుంది. తేనెటీగ జాతులు పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో ఝుమ్మని అదిలిస్తే తప్ప బయటకు రాదు. పిల్లలకు ఒక పావుగంట ఊరికే నిలబడి ఆ చప్పుడు వినే అవకాశం ఇవ్వండి.

పొరపడేది ఎక్కువగా ఆస్బెకియాతో. అదీ తడి గడ్డిలోనే పెరుగుతుంది, దానివీ ఎదురాకులే, నిలువు ఈనెలే, కేసరాలకు కొసన రంధ్రాలే! కానీ దాని ఆకు గరుకుగా, నూగుగా ఉంటుంది. రేకులు విడివిడిగా రాలతాయి. ఎక్సాకమ్ రేకులు అడుగున పొట్టి గొట్టంలా కలిసి ఉంటాయి. రాలిన పువ్వు దొరికితే చూపించండి, చెట్టునుంచి కోయొద్దు.

చేదును బట్టి తేల్చుకోవడమూ కుదరదు. జెన్షియన్లు చేదే, కానీ మనం నేలవేము అనేది వేరే కుటుంబం. అసలు చిరాయతా హిమాలయాలది. పిల్లల చేత ఏదీ రుచి చూపించవద్దు.

ఇక నోటుపుస్తకంలో పేరు దగ్గరే చిక్కు. కొందరు పిల్లలు ఇంగ్లిషు పేరును యంత్రంతో అనువదించి ‘పారశీక ఊదాపువ్వు’ అని రాసుకొస్తున్నారు. అది ఏ ఊళ్లోనూ లేని పేరు. గొడ్లు కాసేవారిని, పక్కింటి అవ్వను అడిగి, వాళ్లు ఏ భాషలో చెప్పినా తెలుగు లిపిలో రాయించండి. మరాఠీలో ఉదీ చిరాయత్, మలయాళంలో కణ్ణాంతళి. ఎం.టి. వాసుదేవన్ నాయర్ తన జ్ఞాపకాల రచనకు ఈ పువ్వు పేరే పెట్టారు. ఇంట్లో నాయనమ్మకు తెలుగు పేరేదైనా గుర్తుంటే, ఊరి పేరుతో సహా దాని పక్కన చేర్చాలి. పరాయి రాష్ట్రంలో మన బడి పిల్లలకు రెండు భాషల్లోనూ అడిగే వీలుంది. పక్క బడివాళ్లకు అది లేదు.

మొక్కను వేళ్లతో పీకి అట్టకు అంటించే పాత అలవాటు మానేయడం మేలు. గింజ రాలకముందే నలభై మంది నలభై మొక్కలు పీకితే ఆ గడ్డిలో వచ్చే ఏడు ఏం మిగులుతుంది? బొమ్మ గీయించండి, ఫోన్‌తో ఫొటో తీయండి: కాండం, ఆకు వెనుక, మొగ్గ, విచ్చిన పువ్వు, ఒక్కొక్కటి విడిగా. తేదీ, చోటు రాయడం మరవొద్దు. బడి వెనుక చిత్తడిని బంజరని మట్టితో పూడ్చాలన్న మాట వస్తే, ఆ పుటలే పంచాయతీకి చూపించవచ్చు.

యానాం, తమిళనాడు తీరపు బడులకు ఈ పువ్వు దొరక్కపోతే, అదే కుటుంబంలోని నేలగులిమిడిని వెతకండి. తమిళంలో వెళ్ళరుగు. సన్నటి ఎదురాకులు, ఆకు మొదట్లో గుత్తులుగా అయిదు రేకుల చిన్న తెల్లపూలు.